టికెట్టుకి డబ్బెవరిచ్చారు?

1855లో లండన్‌లో పాసైన ఒక చట్టంలో కూర మసాలా లెక్క ఉంది. మనిషికి రోజుకి ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు. దాంతోపాటు ఒకటిన్నర పౌండ్ల బియ్యం, అర పౌండు ఎండుచేపో ఉప్పుచేపో, అర పౌండు కూరగాయలు (చిలగడదుంప, గుమ్మడికాయ లాంటి నాలుగు రోజులు నిలవుండేవి), వండుకోవడానికి రెండు పౌండ్ల కట్టెలు, ఒక గాలన్ నీళ్లు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. మా ఊళ్లో పెళ్లికి వంటాయన రాసిచ్చే సామాన్ల చీటీ గుర్తొచ్చింది.

అది బ్రిటిష్ పార్లమెంటు చేసిన చైనీస్ ప్యాసింజర్స్ యాక్ట్. హాంకాంగ్ నుంచి గానీ, చైనా రేవుల నుంచి బ్రిటిష్ ఓడల్లో గానీ, ఇరవై మందికి మించి ఆసియా ప్రయాణికుల్ని ఏడు రోజులకి మించిన ప్రయాణానికి తీసుకెళ్తే ఇది వర్తిస్తుంది. తిండితో ఆగలేదు. డెక్కుల మధ్య పెద్దవాళ్లకి తలా 12 చదరపు అడుగుల చోటు, 72 ఘనపుటడుగుల గాలి ఉండాలంది. డాక్టరు, దుబాసీ ఉండాలంది. కెప్టెన్ ఇద్దరు జామీనుదార్లతో వెయ్యి పౌండ్లకి హామీపత్రం రాయాలంది.

12 చదరపు అడుగులంటే ఎంతో తెలుసుకుందామని మా హాల్లో టేపు పెట్టి సుద్దముక్కతో గీశాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అందులో పడుకుంటే నా రెండు మోచేతులూ గీత దాటాయి. మా ఆవిడ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. అంత చోటులో నెలల తరబడి సముద్రం మీద పోవాలి. అయినా ఆ గీత కూడా లేని ఓడలకంటే గీత ఉన్న ఓడ నయమే. ఆ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, "వలస చట్టాలన్నీ నాటకం, తెల్లవాడి కళ్లతుడుపు" అని కొట్టిపారేసే వాదన నాకు నచ్చదు. నా గొడవ వేరే. బియ్యం నుంచి కట్టెల దాకా తూకం వేసిన ఆ చట్టం, మనిషి చేతిలో ఉన్న టికెట్టుకి డబ్బు ఎవరు కట్టారో, ఎంత వడ్డీకి కట్టారో మాత్రం అడగలేదు. అసలు బానిసత్వం దాక్కున్న చోటు అదే.

ఈ పిచ్చి నాకు సింగపూర్లో పట్టుకుంది. ఉద్యోగం ఇక్కడే. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో 1827 నాటి మారియమ్మన్ గుడి ఉంది, పండగలకి వెళ్తుంటాం. గుడి పక్క సందు పేరు పగోడా స్ట్రీట్. పగోడా అంటే చైనావాళ్లదేమో అనుకునేవాణ్ణి. కాదు, మన గోపురాన్ని చూసే ఆ పేరు పెట్టారు. ఇప్పుడక్కడ టూరిస్టులకి ఫ్రిజ్ మాగ్నెట్లు, పట్టు చొక్కాలు అమ్ముతారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ సందులో చైనా కూలీల్ని దించి, యజమానులకి అప్పగించేదాకా ఉంచే ఇళ్లుండేవి. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి బయటికొచ్చి నాలుగడుగులేస్తే మనుషుల్ని నిలవబెట్టిన గోదాములు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ సందులో మామూలుగా నడవలేకపోయాను.

చైనా నుంచి కూలీల ఎగుమతి 1847లో ఊపందుకుంది. ఆ ఏడు ఆమోయ్ రేవు నుంచి క్యూబా చెరకు తోటలకి తొలి ఓడ వెళ్లింది. తర్వాత పెరూ. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం అప్పటికి రద్దయింది, కాబట్టి తోటలకి మనుషులు కావాలి. క్యూబాలో బానిసత్వం ఇంకా ఉంది, అయినా మనుషులు చాలలేదు. క్యూబా ఒప్పందం ఎనిమిదేళ్లు, నెలకి నాలుగు పెసోలు. 1874 దాకా దాదాపు 1,41,000 మంది ఎక్కితే క్యూబాలో దిగింది దాదాపు 1,25,000. మిగతావాళ్లు సముద్రంలోనే పోయారు. దక్షిణ చైనాలో ఈ వ్యాపారానికి జనం పెట్టిన పేరు "పందిపిల్లల అమ్మకం". మనుషుల్ని దాచే కొట్లు పందుల దొడ్లు.

ఆమోయ్‌లో జరిగింది బ్రిటిష్ అధికారి జాన్ బౌరింగ్ 1852లో స్వయంగా చూసి రాశాడు. వందల మందిని బట్టలిప్పి నిలబెట్టి ఛాతీ మీద అక్షరాలు వేస్తున్నారట. కాలిఫోర్నియాకైతే సి, పెరూకైతే పి, హవాయికైతే ఎస్ (అప్పట్లో దాన్ని శాండ్‌విచ్ దీవులనేవారు). అదే ఏడు నవంబరులో ఆమోయ్ జనం తిరగబడ్డారు. కూలీ వ్యాపారం చేసే ఒక బ్రిటిష్ వర్తకుడు సైమ్, పోలీసులు పట్టుకున్న తన దళారిని స్టేషన్‌కెళ్లి విడిపించుకొచ్చాడు. ఊరంతా భగ్గుమంది, కాల్పుల్లో చైనీయులు చనిపోయారు. బ్రిటిష్ కాన్సులర్ కోర్టు ఆ వర్తకుడికి వేసిన జరిమానా 200 డాలర్లు.

ఆ అక్షరాల్ని చూసిన బౌరింగే తర్వాత హాంకాంగ్ గవర్నరయ్యాడు. 1855 చట్టం అమల్లోకి వచ్చినప్పుడు కుర్చీలో ఉన్నది ఆయనే.

చట్టం ప్రకారం ఓడ కదిలేముందు ఎమిగ్రేషన్ ఆఫీసర్ ఎక్కాలి. హాంకాంగ్‌లో ఆ పని హార్బర్ మాస్టర్‌ది. డెక్కు కొలవాలి, నీళ్ల పీపాలు చూడాలి, బియ్యం బస్తాలు లెక్కపెట్టాలి. తర్వాత ప్రయాణికుల్ని వరసగా నిలబెట్టి, ఎక్కడికి పోతున్నారో తెలుసా, ఒప్పందం అర్థమయిందా అని దుబాసీ ద్వారా అడగాలి. తృప్తి పడితే సర్టిఫికెట్టు ఇవ్వాలి. వందల మందిని ఒక్క పూటలో అడగాలంటే ఎలా అడుగుతారో ఊహించుకోవచ్చు. మన రేషన్ షాపులో వేలిముద్ర వేయించుకున్నంత శ్రద్ధగా అడిగి ఉంటారు.

1856లో డ్యూక్ ఆఫ్ పోర్ట్‌లాండ్ అనే ఓడ హాంకాంగ్ నుంచి క్యూబాకి బయల్దేరింది. చట్టం వచ్చాకే, సర్టిఫికెట్టుతోనే. 332 మంది ఎక్కారు. దారిలో 128 మంది చనిపోయారు. లండన్‌లో పెద్ద గొడవయింది, కాగితాలు పార్లమెంటు దాకా వెళ్లాయి. అందరూ అడిగిన ప్రశ్నలు అవే: చోటు సరిపోయిందా, డాక్టరున్నాడా, తిండి మంచిదేనా. మనిషిని ఓడ దాకా తెచ్చినవాడికి తలకి ఎంత ముట్టిందన్నది పక్క ప్రశ్నగానే మిగిలిపోయింది.

దళారుల్ని పూర్తిగా వదిలేశారని అనను. 1857లోనే హాంకాంగ్ ఒక ఆర్డినెన్సు తెచ్చి, ఓడ టికెట్లు అమ్మే బ్రోకర్లకి లైసెన్సు పెట్టింది, జామీను కట్టించుకుంది. కాగితం మీద చూస్తే మంచి పని. కానీ లైసెన్సున్నవాడు హాంకాంగ్ బజారులో బల్ల వేసుకుని కూర్చునే బ్రోకరు. పల్లెకి వెళ్లి, అప్పుల్లో మునిగినవాణ్ణో, జూదంలో ఓడినవాణ్ణో, ఇంట్లో పోట్లాడి అలిగినవాణ్ణో పట్టుకొచ్చేది వేరే మనిషి. ఒకసారి విదేశం పోయి డబ్బుతో తిరిగొచ్చిన పక్క ఊరివాడై ఉంటాడు, మేనమామ వరస అవుతాడు. అతనికి లైసెన్సు లేదు, బల్ల లేదు, పేరు కూడా ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా అన్న గుర్తొచ్చాడు. మా పెద్దబాపు కొడుకు, జగిత్యాల దగ్గర మా ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. 2018లో షార్జా పోయాడు. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. విదేశాలకి మనుషుల్ని పంపే ఏజెంటు రిజిస్టర్ చేసుకోవాలి, పెద్ద ఏజెంటైతే 50 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి, కార్మికుడి దగ్గర తీసుకునే సర్వీసు చార్జి 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ, అంతకి మించకూడదు. లైసెన్సు బొంబాయిలో ఉంది, మా అన్న దగ్గరికి వచ్చిన మనిషి మాత్రం మా మండలంలోనే బైకు మీద తిరిగేవాడు. అన్న కట్టింది 80,000. మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు, అంటే నెలకి 2,400 వడ్డీయే. చేతికొచ్చిన రసీదు 30,000కి.

ఎయిర్‌పోర్టుకి పోతుంటే కారులో ఆ మనిషి వెనక్కి తిరిగి చెప్పిన మాట అన్న ఇప్పటికీ అదే గొంతుతో అనుకరిస్తాడు: "ఎవలన్న అడిగితే ముప్ఫై అను. ఎన్కముందు సూడకు. ముప్ఫై, అంతే." కామారెడ్డి దాటాక ఇంకోసారి అప్పజెప్పించుకున్నాడట, ఎక్కాలు అప్పజెప్పించినట్టు. మిగతా 50,000కి రసీదు లేదు, సాక్షి లేడు, కాబట్టి ఏ దఫ్తరు లెక్కలోనూ అది లేదు. కానీ అన్న షార్జాలో రెండేళ్లు ఉండిపోయింది ఆ లెక్కలో లేని డబ్బు కోసమే. మొదటి నెల జీతం చెప్పినదానికంటే తక్కువొచ్చింది. తిరిగొద్దామంటే అప్పు. గదికి తాళం లేదు, గేటు తీసే ఉంది, అయినా కదలలేడు.

హాంకాంగ్ సంగతికొస్తే, ఈ తాళం లేని గది అక్కడ చట్టంలోకే ఎక్కేసింది. క్యూబాకి పోయేవాడు ఒప్పందం మీద సంతకమో వేలిముద్రో వేస్తాడు, కాబట్టి అతను కాంట్రాక్టు కూలీ, అతనిమీద అధికారి కన్ను ఉండాలి. కాలిఫోర్నియాకి పోయేవాడు ఏ ఒప్పందమూ చెయ్యడు, టికెట్టుతో ఎక్కుతాడు, కాబట్టి అతను స్వేచ్ఛా ప్రయాణికుడు. 1852 ఒక్క ఏడే 20,000 మందికి పైగా చైనీయులు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు. చాలామంది సొంత డబ్బుతోనో, చుట్టాల సాయంతోనో వెళ్లారు. ఇంకా చాలామంది టికెట్టు అరువు మీద వెళ్లారు: వర్తకుడు టికెట్టు కొనిస్తాడు, అక్కడ దిగాక జీతంలోంచి వడ్డీతో తీర్చాలి. కాగితం లేదు కాబట్టి స్వేచ్ఛ ఉందన్నమాట! ఇంతకంటే తేలికైన తర్కం నేను చూడలేదు.

కాలిఫోర్నియా ప్రయాణం క్యూబా ప్రయాణం లాంటిదని నేననను. అలా అంటే చరిత్రని పిండి చేసినట్టే. బంగారు కొండకి (చైనీయులు కాలిఫోర్నియాకి పెట్టుకున్న పేరు) పోయినవాళ్లు తిరిగొచ్చారు, ఊళ్లో ఇళ్లు కట్టారు, తమ్ముళ్లని తీసుకెళ్లారు. ఓడ యజమానికి వాళ్లు సరుకు కాదు, మళ్లీ వచ్చే గిరాకీ. మంచి తిండి పెట్టకపోతే వచ్చే సీజన్లో వేరే ఓడ ఎక్కుతారన్న భయం, చట్టంలోని మసాలా లెక్కకంటే బాగా పనిచేసింది. అయినా తాడు తాడే. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనీస్ సంఘాలు ఓడ కంపెనీలతో ఒక ఏర్పాటు చేసుకున్నాయి: అప్పులు తీరాయని సంఘం చీటీ ఇస్తే తప్ప ఇంటికి టికెట్టు అమ్మరు. 1867లో హాంకాంగ్‌కి ఆవిరి ఓడలు మొదలుపెట్టిన పసిఫిక్ మెయిల్ కంపెనీ కూడా ఈ చీటీ చూసే టికెట్టు ఇచ్చేది. పోయేటప్పుడు టికెట్టే అప్పు, వచ్చేటప్పుడు అప్పు తీరితేనే టికెట్టు. దీన్ని ఏ హార్బర్ మాస్టరు టేపుతో కొలుస్తాడు?

హాంకాంగ్‌లో చట్టం బిగుసుకునే కొద్దీ క్యూబా, పెరూ వ్యాపారం పక్కనే ఉన్న పోర్చుగీసు మకావుకి జారిపోయింది. ఘోరాలన్నీ అక్కడే. 1859లో ఫ్లోరా టెంపుల్ అనే అమెరికన్ ఓడ మకావు నుంచి 850 మందితో బయల్దేరి దారిలో దిబ్బకి తగిలింది. సిబ్బంది పడవలు తీసుకుని వెళ్లిపోయారు. వెతకడానికి వేరే ఓడ వెళ్లేసరికి ఒక్కడూ లేడు. 1871లో డోలోరెస్ ఉగార్తె ఓడకి నిప్పంటుకుంది, 600 మంది దాకా పోయారు. ఇక్కడ ఒక సంగతి నన్ను బాగా కెలికింది. మకావు ఓడలకి ఇనప కటకటాలు, అడ్డుగోడలు బిగించే పని కొంత హాంకాంగ్‌లోనే జరిగేది. ప్రయాణికులు హాంకాంగ్ రేవులో ఎక్కడం లేదు కదా, వడ్రంగి పని మాత్రం హాంకాంగ్‌ది. 1873లో గానీ దాన్ని కట్టడి చేసే ఆర్డినెన్సు రాలేదు.

మకావులో నియమాలు లేవనుకుంటే పొరపాటు. అక్కడా అధికారి ఉన్నాడు, అక్కడా "ఇష్టంతోనే పోతున్నావా" అనే ప్రశ్న ఉంది. 1874లో చైనా ప్రభుత్వం క్యూబాకి ఒక కమిషన్ని పంపింది. చెన్ లాన్‌పిన్ నాయకత్వంలో వాళ్లు 1,176 మంది వాంగ్మూలాలు రాసుకున్నారు. పదింట ఎనిమిది మంది తమని ఎత్తుకొచ్చారనో, మోసం చేసి తెచ్చారనో చెప్పారు. ఇష్టం లేదన్నవాళ్లని వెనక్కి తీసుకెళ్లి కొట్టారనీ, అధికారి ముందు తమ బదులు వేరేవాళ్లని నిలబెట్టి "సరే" అనిపించారనీ చెప్పినవాళ్లున్నారు. ముందే అప్పజెప్పించిన జవాబు. కామారెడ్డి దాటాక కారులో మా అన్న చెప్పిన "ముప్ఫై".

ఆ ఏడే మకావు తలుపు మూతపడింది. అందులో హాంకాంగ్ ప్రధాన న్యాయమూర్తి జాన్ స్మేల్ పాత్ర నాకిష్టం. ఓడలో తిరగబడ్డ కూలీ క్వోక్ ఆ-సింగ్‌ని 1871లో ఆయన విడుదల చేశాడు. అన్యాయంగా బంధించినవాడికి తప్పించుకునే హక్కుందన్నది ఆయన వాదన. లండన్‌లోని పై కోర్టు ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పుని మొత్తం నిలబెట్టలేదు, కానీ ఒక జడ్జీ ఆ ఓడల్ని బానిస ఓడలతో సమానంగా చూడటం చిన్న సంగతి కాదు.

టికెట్టు అప్పుకి దగ్గరగా వచ్చిన చట్టం సింగపూర్లో పుట్టింది. ఇక్కడ దిగేవాళ్లలో రెండు రకాలు: డబ్బు కట్టినవాళ్లు, కట్టనివాళ్లు. కట్టనివాళ్లని ఎవరో యజమాని వచ్చి టికెట్టు డబ్బు చెల్లించి తీసుకెళ్లేదాకా ఓడలోనో గోదాములోనో ఆపేసేవాళ్లు. 1877లో చైనీస్ వలసదారుల ఆర్డినెన్సు వచ్చింది, చైనీస్ ప్రొటెక్టరేట్ అనే ఆఫీసు తెరిచారు. మొదటి ప్రొటెక్టర్ విలియం పికరింగ్, చైనా మాండలికాలు మాట్లాడగలిగిన మనిషి. జనం ఆ ఆఫీసుని ఆయన పేరుతోనే "పి-కి-లిన్" అనేవాళ్లు. మనవాళ్లు కాటన్ దొరని తలుచుకున్నంత కాదనుకోండి. ఆయన మనుషులు ఓడెక్కి, కట్టనివాళ్లని వేరుచేసి, లైసెన్సున్న డిపోలకి పంపి, ఒప్పందాన్ని రిజిస్టరులోకెక్కించేవాళ్లు.

అంటే మొదటిసారి ఒక ప్రభుత్వం ఆ అప్పుని కళ్లతో చూసింది. చూసి ఏం చేసింది? నమోదు చేసింది. అప్పు న్యాయమైనదా, టికెట్టు అసలు ధరెంత, దానిమీద దళారి ఎంత వేసుకున్నాడు అన్న లెక్క తీసి కొట్టెయ్యలేదు. నిన్నటిదాకా గోదాములో గుసగుసగా సాగిన బేరం ఇవాళ ముద్రతో సాగింది. చైనా కూలీల ఒప్పంద పద్ధతి ఇక్కడ రద్దయింది 1914లో.

"దళారి గుట్టు ప్రభుత్వం ఎలా పట్టుకోగలదు, మూల మూలకీ మనిషిని పెట్టలేదు కదా" అని ఒక మిత్రుడు వాదించాడు. కావాలనుకుంటే పట్టుకోగలదు. అదే 1914లో గుర్‌దిత్ సింగ్ హాంకాంగ్‌లో కొమగాట మారు ఓడని అద్దెకి తీసుకుని పంజాబీల్ని కెనడా తీసుకెళ్లబోతే, చట్టవిరుద్ధమైన ప్రయాణానికి టికెట్లు అమ్మాడని ఆయన్ని అరెస్టు చేశారు. టికెట్టు ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు అన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి. చివరికి 376 మందితో ఓడ వాంకూవర్ చేరింది, అక్కడ రెండు నెలలు నిలబెట్టి, ఏ ఇరవై నాలుగు మందినో దిగనిచ్చి తిప్పి పంపారు. మనుషులు రాకూడదు అనుకున్నప్పుడు టికెట్టు మీదికి పోతుంది చూపు. కూలీలు కావాలి అనుకున్నప్పుడు బియ్యం బస్తా మీదికి పోతుంది.

మనవాళ్ల కథలో ఇంకో తమాషా ఉంది. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలమంది రంగూన్ పోయేవాళ్లు. అక్కడ వాళ్లని కోరంగీలనే పిలిచేవారు. టికెట్టు మేస్త్రీ అడ్వాన్సు, తీర్చేదాకా మేస్త్రీ ముఠాలోనే పని. కానీ 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి, చట్టం దృష్టిలో అది వలసే కాదు. బంగాళాఖాతం దాటినా పక్క జిల్లాకి పోయినట్టే.

మరి ఏం చెయ్యాలంటావ్ అంటే నా దగ్గర ఒక్క ముక్కే ఉండేది: ఆఫీసరు "ఇష్టంతోనే పోతున్నావా" అని అడగడం మానేసి "డబ్బెవరిచ్చారు, ఎంత వడ్డీ" అని అడగాలి. చాలా గొప్ప ఆలోచన అనుకుని మొన్న అన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు, ట్రాక్టరు నడుపుకుంటున్నాడు. "ఆ రోజు ఎయిర్‌పోర్టుల నిన్ను గట్లనే అడిగితే, ఎనభై అని నిజం చెప్పేటోనివా అన్నా?" అన్నాను.

నవ్వాడు. "చెప్తే నన్ను దింపుతడు గదరా. మరి అప్పిచ్చినోడు ఇంటికొస్తె ఆఫీసరొచ్చి మాట్లాడుతడా?"

జవాబు దొరక్క, ఈ ఏడు వరి ఎట్లుందని అడిగాను.